నా తల తిరుగుడు, నా స్టీలు దుకాణం

దుకాణానికి వచ్చే ఆడవాళ్లలో ఎవరో ఒకరు, గ్లాసుల బేరం అంతా అయిపోయాక, సంచి చేతిలోకి తీసుకొని గొంతు తగ్గించి అడుగుతారు. "అక్కా, నీకు తల తిరుగుడు రోగముండె గదా. తలకాయ తిప్పితే పోయిందట గదా, నిజమేనా?" చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకే మా బిడ్డ స్వరూప పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఏడో తరగతి దాకా చదివి, పెళ్లయినప్పటి నుంచి సిద్దిపేట బజారులో స్టీలు సామాన్లు అమ్ముతున్నదాన్ని. ఇది చదివి ఎవరి తలా పట్టుకొని తిప్పకండి, ముందు డాక్టరుకు చూపించండి. ఆ ఒక్కమాట గుర్తుంటే మిగతాదంతా కథలాగా చదువుకోవచ్చు.

తొంభై ఆరు, దసరా తర్వాత

దసరా వెళ్లిన నాలుగో రోజు. తెల్లారి పాలవాడు వాకిట్లో పిలిస్తే, లేద్దామని మంచంలో కుడివైపుకు తిరిగాను. ఇల్లు తిరిగింది. కళ్లు తిరగడమంటే ఏమిటో నాకు అంతకుముందు తెలుసనే అనుకునేదాన్ని. ఒక్కపొద్దు ఉన్ననాడు కాస్త చీకట్లు కమ్మడం, గోడ పట్టుకుంటే సర్దుకోవడం, అంతే కదా. ఇది అది కాదు. క్యాలెండరు, కిటికీ, దండెం మీది చీరలు ఒకదాని వెనక ఒకటి ఉరుకుతున్నాయి. పడుకొని ఉన్న మనిషిని ఇంకెక్కడికి పడతాను? అయినా పడిపోతానని మంచం పట్టె రెండు చేతులా పట్టుకున్నాను. ముప్పై లెక్కపెట్టేలోపు అంతా ఆగిపోయింది. లేచి కూర్చున్నాక మళ్లీ ఒకసారి తిరిగింది, ఈసారి వాంతి అయింది.

మా ఆయన మల్లేశం అప్పటికే కోహెడ అంగడికి సామాన్లు కట్టుకుంటున్నాడు. వారంలో అయిదు రోజులు ఊళ్లలో జరిగే సంతలకు, మా మాటలో అంగళ్లకు, వెళ్లి అమ్మడం ఆయన పని, దుకాణంలో నిలబడడం నా పని. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అది ఒక బల్ల, నాలుగు బిందెలు ఉన్న జాగ. ఇప్పుడు మూడు గోడలకూ పైకప్పు దాకా అరలున్నాయి. కొన్న గిన్నెల మీద పేర్లు చెక్కే కరెంటు మిషను కూడా నేనే నేర్చుకున్నాను. పెళ్లికి పెట్టే గిన్నె మీద పెట్టినవాళ్ల పేరు లేకపోతే మా దగ్గర ఆ గిన్నెకు విలువే లేదు. ఆ దుకాణమంటే నాకు ఎంత గర్వమో దాచుకోను.

"పైత్యం జేసింది," అన్నది మా అత్త, నా ముఖం చూసి. "పండుగ కూర మీద పండుగ కూర తింటిరి. పైత్యం గాక ఏమైతది?"

అల్లం రసంలో నిమ్మకాయ పిండి ఇచ్చింది. మూతి వంకర పెట్టుకొని తాగి, పోయి దుకాణం తీశాను.

ఆ రోజే మధ్యాహ్నం ఒకామె పై అరలో ఉన్న ప్లేట్లు చూపించమంది. తల పైకెత్తాను. అంతే. అర పట్టుకున్నాననుకున్నాను, నేను పట్టుకున్నది ప్లేట్ల వరసను. నేను, ప్లేట్లు కలిసి కిందికి వచ్చాం. ఆ చప్పుడు బస్టాండు దాకా వినబడి ఉంటుంది. పక్క చెప్పుల దుకాణం ఆయన ఉరికొచ్చాడు. నా నుదుటి మీద బొప్పి కట్టింది, ప్లేట్లకు మాత్రం ఒక్క సొట్ట పడలేదు. ఆమె వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, సరుకు గట్టిదని మెచ్చుకొని ఆరు కొనుక్కొని వెళ్లింది.

కార్తీకం

తర్వాతి నెలంతా ఎన్ని మందులు మింగానో. గల్లీలో ఉండే ఆర్‌ఎంపీ గ్లూకోజు ఎక్కించి, బలం సూదులు వేశాడు. పెద్ద దవాఖానలో లైను కట్టి బీపీ చూపించుకుంటే బీపీ మంచిగానే ఉందన్నారు. రక్తం తక్కువని ఒకరు, కంటి అద్దాలు కావాలని ఒకరు. ఒక గోలీ వేసుకుంటే తిరగడం తగ్గలేదు కానీ, కొనడానికి వచ్చిన గిరాకీ ఎదుటే నిద్రపోయేదాన్ని.

నాకు నేనే కొన్ని నియమాలు పెట్టుకున్నాను. కుడివైపు తిరగొద్దు. పైకి చూడొద్దు. కిందికి వంగొద్దు. గోడకు దిండ్లు వేసుకొని కూర్చునే నిద్రపోయేదాన్ని. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే తల తిప్పకుండా మనిషంతా తిరిగేదాన్ని. స్వరూపకు అప్పుడు పదో తరగతి. "అమ్మా, నువ్వు పరేడు జేస్తున్నట్టు నడుస్తున్నవే," అని నవ్వి, నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. తలస్నానం పూర్తిగా మానేశాను. తల వెనక్కి వాల్చినా తిరిగేది, ముందుకు వంచినా తిరిగేది. జడ విప్పాలంటే నాకే సిగ్గుగా ఉండేది.

వంగకుండా పేరు చెక్కడం ఎట్లా? ఒకనాడు పెళ్లి ప్లేటు మీద పెళ్లికొడుకు పేరు చెక్కుతుండగా తల తిరిగి, మిషను జారి పేరు మీదుగా అడ్డంగా గీత పడింది. కొనడానికి వచ్చిన పెద్దామె ముఖం మాడిపోయింది. "పిలగాని పేరు కొట్టేసినట్టయింది గదనే. గిదేం శకునమమ్మా," అని మిగతా సామాను కూడా వదిలేసి వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టను. నేనైనా అంతే చేసేదాన్ని. ఆ ప్లేటు మా ఇంట్లోనే ఉండిపోయింది, మా ఆయన రోజూ దాంట్లోనే తింటున్నాడు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ మందులతో రాలేదు, మాటతో వచ్చింది. గల్లీలో ఒకామె నన్ను పలకరించడానికి వచ్చి, చాయ్ తాగి, మంచి మనసుతోనే అన్నది. "మా ఆడిబిడ్డకు గిట్లనే తిరిగితే తలకాయల గడ్డ అన్నరు. నువ్వు పట్నం పోయి ఫోటో తీపిచ్చుకో రాజమణీ." ఆమె వెళ్లాక అన్నం సహించలేదు. నాకు భయమైంది. స్వరూప పరీక్షలు, ఆ పిల్ల పెళ్లి, మా ఆయన ఒక్కడే ఆ అంగళ్లు తిరగడం, అన్నీ వరసగా కళ్లముందుకు వచ్చాయి. ఏ గిన్నెలు స్వరూపకు పక్కన పెట్టాలో కూడా లెక్క వేసుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు ఏడుపు తప్ప ఏమీ రాలేదు.

మా ఆయన భయపడితే మాట్లాడడు. అంగళ్లు మానుకొని దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏ డబ్బాకు ఏ మూత సరిపోతుందో తెలియదు, గిరాకీ బేరమాడితే కోపం. ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"ఎస్‌టీడీ బూతు పెట్టెటాయన ఒకాయన అడుగుతుండు. దుకాణం కిరాయికిద్దామా?"

"నేను సచ్చినంక ఇయ్యి."

"గా మాట రాకుంట జూద్దామనే గదా అంటున్న. నువ్వు ఇంట్లుంటవు, నేను అంగళ్లు జూసుకుంట."

"ఇంట్లుంటే తల తిరగదా?"

"తిరిగినా ప్లేట్లు మీద పడయి గదా."

కోపం వచ్చింది కానీ, ఆయన మాటలో తప్పేమీ లేదు. కార్తీకం పెళ్లిళ్లన్నీ ఇతర దుకాణాలకు పోయాయి. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మాఘం ముహూర్తాలు మొదలయ్యేనాటికి నేను మనిషిలాగా నిలబడి, పైకి చూసి, కిందికి వంగి పని చేయగలిగితే దుకాణం నాది. లేకపోతే ఫోన్లది.

జనవరి, మొదటి ఆదివారం

దారి చూపించింది మందుల దుకాణం ఆయన. హైదరాబాదు నుంచి ఒక చెవి డాక్టరు ప్రతి ఆదివారం వచ్చి ఒక నర్సింగ్ హోములో కూర్చుంటున్నాడని చెప్పాడు.

"తల తిరిగితే చెవి డాక్టరేంది?" అన్నాడు మా ఆయన.

"కండ్లకు జూపినం, రక్తానికి జూపినం. చెవులేం పాపం జేసినయ్? నడువ్."

అక్కడ బెంచీలు రెండే. గోడకు ఆనుకొని కూర్చుందామంటే గోడ దగ్గర అక్కన్నపేట నుంచి వచ్చిన ఒక ముసలి రైతు కూర్చున్నాడు. నేను బెంచీని రెండు చేతులా పట్టుకొని కూర్చోవడం చూసి, లేచి తన జాగ నాకు ఇచ్చి, భుజం మీది తువ్వాల మడిచి నా తల వెనక పెట్టాడు. ఆయనకు చెముడు. అందుకే ఊరంతా వినేటట్టు అడిగాడు.

"ఏమైంది బిడ్డా?"

"తల తిరుగుతది!" అని నేనూ అరిచాను.

"పత్తికి మందు గొట్టినవా?"

"లేదు! స్టీలు సామాను అమ్ముత!"

ఆయన కాసేపు ఆలోచించాడు. "మరి నీకెందుకు తిరుగుతది?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మూడు నెలల్లో నేను అంత గట్టిగా నవ్వింది అప్పుడే. ఆ తువ్వాలకు చెమట, చుట్ట వాసన వచ్చింది, అయినా లోపలికి పిలిచేదాకా తల దాని మీద నుంచి తీయలేదు.

డాక్టరు చిన్న వయసువాడు. అంతకుముందు ఎవరూ అడగనివి అడిగాడు. పడుకునేటప్పుడు తిరుగుతుందా, కూర్చుంటే తిరుగుతుందా? ఎటు పక్కకు? ఎంతసేపు? చెవిలో హోరు ఉందా, మాట తడబడుతుందా, చేతులు కాళ్లు తిమ్మిరి ఉన్నాయా? మా ఆయన నన్ను చూశాడు. ఇన్నాళ్లూ ఆయన కూడా ఇవి అడగలేదు.

తర్వాత నన్ను బల్ల మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, తల కుడివైపుకు తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టాడు. తల బల్ల అంచు నుంచి కిందికి వేలాడింది. మూడు నెలలు నేను దేనికైతే భయపడి కూర్చొని నిద్రపోయానో సరిగ్గా అదే చేయించాడు. గది మొత్తం లేచి తిరిగింది. ఆయన చొక్కా చేయి పట్టుకొని కేక పెట్టాను.

"కండ్లు మూయకమ్మా. నన్నే చూడు."

చూశాను. నేను చస్తుంటే ఈయన ముఖం వెలిగిపోతోంది.

"దొరికిందమ్మా. గడ్డ గిడ్డ ఏం లేదు. నీ కుడి చెవి లోపలిదిది."

నన్ను లేపి కూర్చోబెట్టి చెప్పాడు. మనిషి అటూ ఇటూ ఒరగకుండా చూసుకునే చోటు చెవి లోపల ఉంటుందట. అక్కడ కంటికి ఆనని సున్నపు రవ్వలు ఉంటాయట. అవి ఊడి, ఉండకూడని గొట్టంలోకి జారితే, తల కదిలినప్పుడల్లా దొర్లుతాయట. మనిషి కదలకపోయినా చెవి మాత్రం తిరుగుతున్నామని చెబుతుందట. నా ముఖం చూసి నాకు సగమే అర్థమైందని తెలుసుకున్నాడు.

"ఏం పని చేస్తవమ్మా?"

"స్టీలు దుకాణం సార్."

"అయితే నీకు నేను చెప్పేదేముంది? కొమ్ముచెంబు కొమ్ములోకి ఇసుక రవ్వ పోయింది. ఎట్ల తీస్తవ్?"

"చెంబును వంచి, పక్కకు తిప్పి, ఆగి, మెల్లగ బోర్లిస్త."

"గంతే. ఇప్పుడు నీ తలను గట్లనే చేస్త."

మళ్లీ అట్లాగే పడుకోబెట్టి, కుడివైపు వేలాడుతున్న తలను తిరగడం ఆగేదాకా పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా ఎడమకు తిప్పి ఆగాడు. తర్వాత మనిషినంతా ఎడమ పక్కకు ఒరిగించి, ముక్కు నేలను చూసేటట్టు తిప్పి ఆగాడు. అప్పుడు లేపి కూర్చోబెట్టాడు. నేల ఒకసారి వంగి, మళ్లీ చదునైంది. కొంచెంసేపు కూర్చోబెట్టి, మళ్లీ మొదటిలాగానే వెనక్కి వాల్చాడు. నేను పళ్లు బిగించి పైకప్పును చూశాను. ఫ్యాను కనిపించింది, పక్కన బల్లి కనిపించింది. రెండూ కదల్లేదు. ఏ దేవుడికి మొక్కాలో తెలియక ఆ బల్లినే చూస్తూ ఏడ్చాను.

"రెండు రాత్రులు తల ఎత్తుగా పెట్టుకొని పడుకో. వంగొద్దు, తల వెనక్కి వాల్చొద్దు. వచ్చే ఆదివారం ఒకసారి కనబడు," అన్నాడు డాక్టరు.

సోమవారం

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పాలి. ఈ తప్పు చదువుకున్న డాక్టరుకు కలలో కూడా తోచదు, మా ఇళ్లలో మాత్రం ఎవరైనా చేస్తారు.

మా దగ్గర రోగం తగ్గిందంటే తలకు పోయాలి. అమ్మవారు పోసి తగ్గినా, టైఫాయిడు తగ్గినా, తలకు పోసుకున్న రోజే మనిషి లేచినట్టు లెక్క. తలకు పోయనిదే ఎంత లేచి నడుస్తున్నా రోగిష్టే. మా అత్త సోమవారం తెల్లారకముందే లేచి కాగు నిండా నీళ్లు కాచింది, కుంకుడుకాయలు కొట్టి నానబెట్టింది.

"సారు వంగొద్దన్నడు అత్తమ్మా."

"వంగొద్దన్నడు, పోసుకోవద్దనలే గదా. నువ్వెందుకు వంగుతవు? నేను పోస్త, నువ్వు కూసో."

నిజం చెప్పాలి, నేను గట్టిగా వద్దనలేదు. మూడు నెలల తల, నాదే నాకు కంపు కొడుతోంది. పీట మీద కూర్చున్నాను. మా అత్త నూనె పెట్టి మర్దన చేసింది. కుంకుడు రసం కళ్లలో పడకుండా నా తలను వెనక్కి తన మోకాళ్ల మీదికి వాల్చుకొని పోసింది. ఒక చెంబు హాయిగా పోసుకున్నాను. రెండో చెంబుకు కళ్లు మూతలు పడ్డాయి. మూడో చెంబుకు ఆమె నా తలను కుడివైపుకు తిప్పింది.

ఆమె మోకాళ్లు పట్టుకొని నేను పెట్టిన కేకకు చెంబు వదిలేసింది. కళ్ల నిండా కుంకుడు రసం, నా చుట్టూ తిరుగుతున్న స్నానాల గది, "అయ్యో బిడ్డా, అయ్యో బిడ్డా" అని మా అత్త గొంతు. తుడుచుకొని బయటికి వచ్చేసరికి మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"తలకాయ తిప్పితే రోగం పోతదని చిన్నపిల్లలకు జెప్పినా నమ్మరు. మనం నమ్మినం. ఇగ చాలు," అన్నాడు.

సాయంత్రమే వెళ్లి ఎస్‌టీడీ బూతు ఆయనకు మాట ఇచ్చి వచ్చాడు. ఒప్పందం మాఘం దాకా కదా అన్నాను. "మాఘం వచ్చినా నువ్విట్లనే ఉంటవు," అన్నాడు. ఆ మాట అన్నాక తనే భయపడి బయటికి వెళ్లిపోయాడు. మూడు రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు. అన్నీ స్వరూప ద్వారానే నడిచాయి. ఆ పిల్ల పరీక్షలకు చదువుకోవాలా, మా రాయబారాలు మోయాలా? ఇప్పటికీ ఆ మూడు రోజులకు సిగ్గుపడతాను.

నాకు మాత్రం ఒక విషయం స్పష్టంగా కనబడింది. ఆదివారం నుంచి సోమవారం దాకా ఒక పూట తిరగలేదు. మూడు నెలల్లో ఏ గోలీ, ఏ సూదీ ఆ ఒక్క పూట ఇవ్వలేదు. ఒకసారి పోయింది మళ్లీ పోదా? ఎవరు వచ్చినా రాకపోయినా ఆదివారం వెళ్లాలని నిశ్చయించుకున్నాను.

రెండో ఆదివారం

ఒంటరిగా వెళ్లాల్సి వస్తుందనుకున్నాను. పొద్దున లేచేసరికి మా అత్త స్నానం చేసి, చీర మార్చుకొని అరుగు మీద కూర్చొని ఉంది. ఆ వారమంతా ఆమె సరిగా తినలేదు.

"నడువ్. నా చేతులతోనే చెడగొట్టిన, నేనే తోలుకపోత."

ఆటో ఎక్కగానే డ్రైవరు మెడ మీద చెయ్యి వేసినంత పని చేసింది. "బిడ్డా, పానం బాగలేని మనిషున్నది. గుంతలల్ల మెల్లగ పోనీ." ఆ అబ్బాయి ఎంత మెల్లగా నడిపాడంటే, సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. దిగేటప్పుడు నా మోచేయి పట్టుకొని గుమ్మం దాకా దింపి వెళ్లాడు.

డాక్టరు గదిలోకి వెళ్లగానే మా అత్త కూర్చోలేదు. చేతులు కట్టుకొని నిలబడింది.

"సారూ, తప్పు నాది. కోడలు వద్దన్నది, నేనే తలకు పోసిన."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "అవ్వా, ఆ నీళ్లతోనే వచ్చిందో, ఎట్లయినా వచ్చేదో నేను కూడా చెప్పలేను. కొందరికి రెండుమూడుసార్లు చెయ్యాల్సి వస్తది. ఇటురా. ఈసారి తల నువ్వు పట్టుకో."

"నేనా?"

"నేను ఆదివారమే వస్త. ఇంట్ల రోజూ ఉండేది నువ్వు."

ఆయన వెనక నిలబడి ఆమె చేతుల మీద చేతులు పెట్టి చూపించాడు. మొదట కుడివైపు తిప్పి వాల్చారు. గది తిరిగింది. నేను కళ్లు మూయలేదు. తలకిందులుగా మా అత్త ముఖం కనబడుతోంది, నా తలను మాత్రం గట్టిగా పట్టుకుంది.

"తిరుగుడు ఆగినంక కూడా వదలొద్దు. మెల్లగ ముప్పై లెక్కపెట్టు," అన్నాడు డాక్టరు.

"లాభం... రెండు... మూడు..."

"ఒకటి ఏమైంది అవ్వా?"

"ఒకటి అంటరా సారూ? వడ్లు కొలిసినా, జొన్నలు కొలిసినా మొదటిది లాభమే." లెక్క తప్పకుండా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. "లాభం... రెండు... మూడు..."

పట్నం మనిషి, ఆయనకు తెలియదు పాపం. నవ్వు ఆపుకుంటూ నిలబడ్డాడు. ఎడమకు తిప్పినప్పుడు మళ్లీ లాభం నుంచి లెక్క, పక్కకు ఒరిగించినప్పుడు మళ్లీ లాభం నుంచి లెక్క. లేచి కూర్చున్నాను. తర్వాత వెనక్కి వాల్చి చూశారు. ఏమీ తిరగలేదు.

వెళ్లేముందు డాక్టరు రెండు విషయాలు చెప్పాడు, వాటిని ఇక్కడ రాయడం నా బాధ్యత. మళ్లీ వస్తే, అచ్చం ఇట్లాగే కుడివైపు తిరిగినప్పుడే వస్తే, నేర్చుకున్నది ఇంట్లో చేసుకోవచ్చు. వేరే పక్కకు తిరిగినా, మాట ముద్దయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా ఇంట్లో ఏ తిప్పుడూ వద్దు, ఆ క్షణమే పెద్ద దవాఖానకు వెళ్లాలి. మా అత్త ఆ రెండో మాటను ఆయన చేత మళ్లీ చెప్పించుకుంది.

ఈసారి తలకు పోసింది పన్నెండు రోజుల తర్వాత. నన్ను నిలబెట్టి, తాను స్టూలెక్కి, గ్లాసుతో కొంచెం కొంచెంగా పోసింది. గంట పట్టింది.

మాఘం దాకా

రోగం పోయింది, భయం పోలేదు. ఈ సంగతి నాకు ఎవరూ ముందే చెప్పలేదు. తిరగడం ఆగి వారమైనా నేను తల తిప్పకుండా మనిషంతా తిరిగే చూస్తున్నాను. మెడ పట్టేసి భుజాలు నొప్పి. ఒకరోజు స్వరూప చటుక్కున, "అమ్మా, కుడివైపు పిల్లి!" అంటే తిరిగి చూశాను. పిల్లీ లేదు, తిరగడమూ లేదు. ఆ పిల్లను కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ రోజు నుంచి మొండికేశాను. పొద్దున లేవగానే మంచం మీద చదునుగా పడుకొని కుడికి, ఎడమకు తిరిగేదాన్ని. మొదటి నాలుగు రోజులు మా అత్త చెయ్యి పట్టుకొని ఉండాల్సిందే. దుకాణంలో రోజుకు ఒక అర చొప్పున పైకి చూడడం నేర్చుకున్నాను. గ్లాసుల అర దగ్గర గుండె దడ, ప్లేట్ల అర దగ్గర చెమట, బిందెల అర దగ్గర కాళ్లలో వణుకు. అన్నిటినీ అట్లాగే ఉండనిచ్చి పైకి చూశాను. ఒకరోజు కాస్త తూలినట్టయితే కూర్చొని, నీళ్లు తాగి, మళ్లీ లేచాను. పేర్లు చెక్కడానికి పాత మూతలు తీసుకొని, వాటి మీద మా ఇంట్లోవాళ్ల పేర్లన్నీ చెక్కాను. అయిపోతే వీధిలోవాళ్ల పేర్లు చెక్కాను.

మా ఆయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. మళ్లీ అంగళ్లకు వెళ్లడం మాత్రం మొదలుపెట్టాడు.

మాఘం మొదటి వారంలో ఆయన అక్కన్నపేట అంగడికి వెళ్లిన రోజు ఎస్‌టీడీ బూతు ఆయన వడ్రంగి మేస్త్రీని, టేపును వెంటబెట్టుకొని దిగాడు. దుకాణంలో ఒక పెళ్లివాళ్లు ఉన్నారు. నేను నిచ్చెన మీద ఉన్నాను. మేస్త్రీ గుమ్మం దగ్గర టేపు పరిచాడు.

"ఏం కొలుస్తున్నరన్నా?" అన్నాను పైనుంచే.

"ఫోన్ల అద్దాల డబ్బా ఎక్కడ పెట్టాల్నో జూస్తున్నమక్కా. మల్లేశమన్న మాటిచ్చిండు గదా."

"ఆయన మాటిచ్చిననాడు నేను మంచంల ఉన్న. ఇప్పుడు నిచ్చెన మీదున్న."

"అట్లంటే ఎట్లక్కా? మరి మా సంగతి?"

తల వంచి ఆయనను చూశాను. తర్వాత తల ఎత్తి పెళ్లివాళ్లు అడిగిన స్టీలు డబ్బా కోసం చూశాను. డబ్బా ఉన్నచోటే ఉంది. దాన్ని దించి పెళ్లికూతురి తల్లి చేతికిచ్చాకే జవాబు చెప్పాను.

"జాగ ఖాళీ లేదన్నా. మాట తప్పింది మా ఇంటాయన కాదు, నేను. ఎవరన్న అడిగితే గట్లనే జెప్పు."

మేస్త్రీ నవ్వుతూ టేపు చుట్టేశాడు. బూతు ఆయన కాసేపు గొణిగి, పోతూ పోతూ చాయ్ కెటిలు ఒకటి బేరం చేశాడు. బూతు ఎక్కడ పెట్టినా చాయ్ తప్పదు కదా.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి వార్త ఆయనకన్నా ముందే ఇల్లు చేరింది. కాళ్లు కడుక్కొని నా ఎదురుగా కూర్చున్నాడు. కోపంగా లేడు. ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకు అదే మొదటిసారి.

"మల్లొస్తదేమో రాజమణీ."

"రానీ. దానికి తొవ్వ దెల్సు, నాకూ దెల్సు."

ఆ తర్వాత అది రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ అట్లాగే తల తిప్పించుకుంటే, నేను దుకాణం తీసే టైముకు పోయింది.